పేపర్‌వెయిట్ ఉన్నవాళ్ళే సేవ్ నొక్కాలి

మొన్న బ్యాంకు కౌంటరులో అమ్మాయి ఒక పెద్దాయనతో, "మీ పేరు సిస్టంలో లేదండీ" అంది, పాస్‌బుక్కు ఆయన చేతిలో ఉండగానే. తప్పు తనదే అన్నట్టు తల వంచుకుని వెళ్ళిపోయాడాయన. ఇంటికొచ్చినా నా కోపం దిగలేదు. ఆ మాట నేను మొదట విన్నది నర్సీపట్నంలో, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నేను పనిచేసిన గ్యాస్ ఏజెన్సీలో.

అక్కడ రెండు కంప్యూటర్లు. ఒకదాని ముందు నేను, రెండోదాని ముందు నాకంటే ముందు చేరిన అక్క. బుకింగులన్నీ ఒకే ఫైలు. ఇద్దరం దాన్నే తెరిచి రాసేవాళ్ళం. ఒకేసారి సేవ్ నొక్కినా, మధ్యలో కరెంటు పోయినా ఫైలు పాడయ్యేది. ఆ బుకింగు ప్రోగ్రాం తెచ్చింది ఓనరుగారి బావమరిది. విశాఖలో కోర్సు చేసొచ్చాడు కనుక ఆయన మాటకు తిరుగులేదు. ఎందరు రాసినా వరసలో పెట్టే సర్వర్ డేటాబేసులున్నాయనీ, పని సగంలో ఆగితే ఆ సగాన్ని తీసేసి పాతది కాపాడతాయనీ, ఉచితంగా దొరికేవీ ఉన్నాయనీ నేను లైబ్రరీలో చదివి, ఆయనకు చెప్పాను.

"ఇద్దరాడపిల్లలు కొట్టే బుకింగులకి సర్వరేటమ్మా? పేరంటానికి ఏనుగెక్కి ఎల్తావేటి?" అని నవ్వాడు. ఆయన కనిపెట్టిన విరుగుడు ఒక గాజు పేపర్‌వెయిట్, మా మాటల్లో గుండు. అది ఎవరి బల్ల మీదుంటే వాళ్ళే సేవ్ నొక్కాలి. "అక్కా, గుండియ్యి." "ఉండవే, బేగి కొట్టేత్తన్నాను." రోజంతా ఇదే పాట.

ఒక మధ్యాహ్నం గుండు నా దగ్గరే ఉంది. సేవ్ నొక్కుతుండగా కరెంటు పోయింది. బావమరిది పాత కాపీ ఎక్కించి, "అంతా బాగయిపోనాది" అన్నాడు. ఎవరెవరి బుకింగులు పోయాయో చూడమంటే విసుక్కున్నాడు.

కొద్దిరోజులకే రోలుగుంట నుంచి ఒకావిడ ఖాళీ సిలిండరు ఆటోలో వేసుకుని వచ్చింది. ఇంట్లో కూతురు బాలింత, పొయ్యి ఆరిపోయింది.

"నీ పేరు కంప్యూటర్లో నేదు. బుక్ సెయ్యలేదు నువ్వు. మళ్ళీ సేసుకుని వరసలో ఉండు" అన్నాడు బావమరిది.

"నానబద్దమాడతానేటి బాబూ? ఈ పాపే కొట్టింది" అని ఆవిడ నా వైపు చూపించింది.

అంతవరకూ ఆ ఆఫీసులో గొంతెత్తి ఎరగను. లేచి నిలబడ్డాను.

"బుక్ చేశారండీ. నేనే కొట్టాను. పోగొట్టింది మనం."

ఓనరుగారు బావమరిది ముఖం చూసి, సిలిండరు ఇప్పించారు. ఆవిడను అబద్ధాలకోరును చేసినందుకు ఒక్కరూ తప్పయిందని అనలేదు. తర్వాత సర్వర్ డేటాబేసు వచ్చింది. "ఏరికోరి నేనే పెట్టించాను" అని బావమరిది వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. నేను డైరీలో పేజీలకు పేజీలు కోప్పడ్డాను.

పైకి మాత్రం ఆ రోజు వచ్చినవి మూడు ముక్కలే. మిగతావి కూడదీసుకునేసరికి ఇన్నేళ్ళు గడిచాయి. వినాల్సినవాళ్ళు ఇప్పుడా కుర్చీల్లో లేరు.