కోడలు తెచ్చిన నాలుగు పుస్తకాలు

“రాసుకో తమ్ముడూ, ఉన్నదున్నట్టు రాసుకో. మొదటి పుస్తకం ఎత్తుగడ బాగానే కత్తిరించాడు గానీ నడుం దగ్గర వదులైపోయింది. చివర్లో ముసలావిడ పెట్టె సర్దుకుని ఓడెక్కేస్తుంది. ఎందుకెక్కిందో రాసినవాడికే తెలియాలి. ఇంట్లో ఎవరైనా పొమ్మన్నారేమో కనుక్కోవద్దూ?”

కుళాయిల తమ్ముడు బుద్ధిగా రాసుకున్నాడు. పగలు ఇళ్ళల్లో పైపులు బిగించే మనిషి. నెలాఖరు వచ్చిందంటే చాలు, వీధి గ్రంథాలయం గోడకు అంటించే పెద్ద కాగితం కోసం ఇల్లిల్లూ తిరిగి, ఎవరేం చదివారో, ఏమనుకున్నారో అడిగి రాసుకుంటాడు. నిజానికి అతను ఈ చెబుతున్న కాజాలమ్మకు తమ్ముడేమీ కాడు. చనువున్న మగాళ్ళందరూ ఆమెకు తమ్ముళ్ళే. చనువు లేనివాళ్ళు ‘ఇదుగో, నిన్నే’.

ఆమె కోట్లకు చేత్తో కాజాలు కుడుతుంది. గుండీ దూరే సన్నటి చీలిక చుట్టూ ముడి పక్కన ముడి వేసుకుంటూ పోవడం. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన ఆ పనే, మొగుడు పోయాక కొడుకుని పెంచింది. కోట్ల దుకాణం నుంచి మూట వస్తుంది, మూట పోతుంది. ఇన్నేళ్ళలో కాజా బాగోలేదని ఒక్క కోటూ తిరిగి రాలేదు. కానీ కిందటి చలికాలం నుంచి ఆమెకు సూది బెజ్జం కనబడటం మానేసింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే మూట ఆగిపోతుంది. మూట ఆగిపోతే ఈ ఇంట్లో తానెందుకు, కిటికీ ఉన్న ఈ గది తనకెందుకు అని ఆమె దిగులు. కొడుకు లారీ మీద తిరుగుతూ వారానికోసారి మొహం చూపిస్తాడు. మిగతా రోజులన్నీ తానూ, కోడలూ. కోడలు ఆ గ్రంథాలయంలోనే పనిచేస్తుంది. పుస్తకాలు తెచ్చేది కూడా ఆ పిల్లే.

అనుమానమంతా అక్కడే పుట్టింది.

“రెండోదాంట్లో మాస్టారు ఇల్లు కొడుక్కొదిలేసి వృద్ధాశ్రమంలో చేరతాడు. అక్కడ ఈల వెయ్యడం నేర్చుకుని మురిసిపోతాడు. మూడోదాంట్లో ముసల్ది కొండ మీద గాడిదతో కాపురం. నాలుగోదాంట్లో తాతగారు లైట్‌హౌస్‌లో ఒంటికాయ సొంటికొమ్ము. నెల రోజులు చదివాను, నాలుగూ కలిపి చూడు. నీకేం తోచట్లేదూ?”

“నలుగురూ సుఖంగానే ఉన్నారుగా అక్కా.”

“నేననేదీ అదే! బయటికి పోయినవాళ్ళంతా సుఖపడ్డారు. ఇంట్లోనే ఉండి సుఖపడ్డ ముసలమ్మ పుస్తకం ఒక్కటంటే ఒక్కటి దొరకలేదా ఆ మహాతల్లికి?”

తమ్ముడు నవ్వొస్తే కలం కొరికి ఆపుకున్నాడు.

“నవ్వకు. మొన్న నేను స్నానానికి వెళ్ళానని నా టేపు తీసి ఈ గోడ కొలిచింది. తలుపు సందులోంచి చూశాను. మనుషులున్న గదికి కొలతలెందుకు? అద్దెకివ్వడానికి కాకపోతే?”

“అడగకపోయారా?”

“అడిగితే నిజం చెబుతుందేంటి? ఎప్పుడు చూసినా తేనె పూసినట్టు మాట్లాడుతుంది. మా అత్తగారు నన్ను రోజూ కడిగి ఆరేసేది, ఆవిణ్ణి కళ్ళు మూసుకుని నమ్మేదాన్ని. సరే, నాలుగోదానికి ఇలా రాయి. పుస్తకం మంచిదే, తెచ్చినవాళ్ళ బుద్ధి మంచిది కాదు.”

“అది సమీక్ష కాదక్కా.”

“ఎందుక్కాదు? కోటు పాడైతే గుడ్డనొక్కదాన్నే తిడతామా?”

“ఈ కాగితం గోడకి అంటించేది మీ కోడలే.”

“తెలిసే చెబుతున్నా. చదువుకుంటూ అంటించనీ.”

“నా బుద్ధికేమైంది అత్తయ్యా?”

కోడలు ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. చేతిసంచీ ఇంకా భుజాన్నే ఉంది. కాజాలమ్మ వెనక్కి తగ్గే రకం కాదు.

“నన్నెక్కడికి పంపుదామని? ఓడలోకా, కొండ మీదికా? ముందే చెబితే నేనూ పెట్టె సర్దుకుంటాగా.”

కోడలు బల్ల మీది పుస్తకాల వంక చూసింది. విషయం అర్థమైనా నవ్వలేదు. “అక్షరాలు పెద్దవని తెచ్చాను. మా దగ్గర పెద్దక్షరాల అర ఒక్కటే ఉంది. ముసలివాళ్ళు చదువుతారని అందులోకి ముసలివాళ్ళ కథలే కొని పడేశారు. నేనేం చెయ్యను?”

“పెద్దక్షరాలు నాకెందుకు?”

కోడలు చేతిసంచీ దించి బల్ల మీద పెట్టింది.

“మరి గోడ?”

“మీ కుర్చీ పైకి వచ్చేలా ఒక దీపం పెట్టిద్దామని. వైరు ఎంత పడుతుందో చూశాను.”

“నా కళ్ళకేం కాలేదు! దుకాణం వాళ్ళు ఒక్క కోటైనా తిప్పి పంపారా? చెప్పు!”

కోడలు పెదవి కొరుక్కుని వంటింటి వైపు కదిలింది. ఏదో దాచే మనిషే అలా తప్పుకుపోతుంది. కాజాలమ్మ లేచి, దుకాణానికి పోవలసిన మూట విప్పి, పైనున్న కోటు తీసి కాజా మీద బొటనవేలు పెట్టింది. కన్ను మోసం చేసినా ఆ వేలు మోసం చెయ్యదు. తన ముడులు కుడికి వాలతాయి. ఇవి ఎడమకు వాలాయి. ఇంట్లో ఎడమచేతివాటం మనిషి ఒక్కతే. దాని కింది కాజా తనదే. ఆ కిందది మళ్ళీ కాదు.

“ఎప్పట్నుంచి?”

“చలికాలం నుంచి. పొద్దున మీరు లేవకముందు. పక్కకి జరిగినవే విప్పి కుట్టాను అత్తయ్యా, అన్నీ కాదు.”

“నాకు చెప్పాలనిపించలేదా?”

“చెబితే పని మానేస్తారు. మానేసి కిటికీ దగ్గర కూర్చుని ఏం చేస్తారు, రోజంతా నన్ను అనుమానించడం తప్ప?”

కుళాయిల తమ్ముడికి లేని దగ్గు వచ్చింది. కోడలు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది.

కాజాలమ్మ కోటు ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఆ ఎడమచేతి ముడుల మీద వేలు అటూ ఇటూ నడిచింది. బిగువు తనదే, నేర్పింది తానే. ఎక్కడా వంక దొరకడం లేదు. అది మరీ కష్టంగా ఉంది. కాసేపటికి వంటింటి వైపు ఓ కన్నేసి, తమ్ముణ్ణి దగ్గరికి రమ్మని సైగ చేసింది.

“ఆ నాలుగోది కొట్టెయ్. లైట్‌హౌస్ బాగుందని రాయి, చాలు. పోతూ పోతూ కోట్ల దుకాణంలోకి ఓసారి తొంగిచూడు. ఈమధ్య కాజాలెలా వస్తున్నాయని ఊరికే అడిగినట్టు అడుగు. నేనడగమన్నానని చెప్పకు. మునుపటికంటే బాగున్నాయన్నారే అనుకో, ఆ మాట దాని చెవిన వెయ్యకు. ముందు నాకొచ్చి చెప్పు.”