ఆంజినప్పన్న పారబోసిన నీళ్లు

మా ఆంజినప్పన్నకు ఒకటే పిచ్చి. ఎవరింట్లో నిలవ నీళ్లు కనబడినా పారబోయకుండా ఉండలేడు. కొళాయి ఎనిమిది రోజులకొకసారి వచ్చే మా కుందుర్పి వీధిలో ఇంతకన్నా ప్రమాదకరమైన పిచ్చి ఇంకొకటి లేదు.

మలేరియా శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఎవరింటికి వెళ్లినా కుశలం అడగడు. నేరుగా తొట్టి దగ్గరికి పోయి టార్చి కొట్టి చూస్తాడు. దోమపిల్లలు కదిలాయా, ఆ నీళ్లకు నూకలు చెల్లినట్టే. మా చెల్లెలి పెళ్లిలో విడిదింటి గంగాళం వంచేస్తే పెళ్లికొడుకు సోడాలతో స్నానం చేసి పీటలెక్కాడు.

2006లో చికున్‌గున్యా వచ్చింది. కీళ్లు పట్టేసి సగం వీధి నడుం వంచి నడిచింది. పేరులో కోడి వినబడిందని జనం కోడికూర మానేశారు. కోడి పాపం ఏమీ చేయలేదనీ, ఇది పగలు కుట్టే దోమ పనేననీ, అది మనం దాచుకున్న మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుందనీ ఆంజినప్పన్న ఇంటింటికీ తిరిగి చెప్పాడు. చెబుతూనే పారబోశాడు.

ఒంటరిగా ఉండే బయమ్మవ్వ డ్రమ్ము కూడా వంచేశాడు.

"నీళ్లతో పాటు నన్నూ పారబొయ్యి నాయనా," అంది అవ్వ.

ఆయన డ్రమ్ము లోపలంతా కొబ్బరిపీచుతో రుద్ది వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా అవ్వకూ జ్వరం తగిలింది. లోటా కూడా ఎత్తలేని స్థితి. నేను బిందెతో వెళ్లేసరికి డ్రమ్ము నిండుగా ఉంది. మూతికి తెల్లగుడ్డ బిగించి ఉంది. నేనే నింపాననుకుని అవ్వ నన్ను దీవించింది.

మరి నింపిందెవరు? రెండు రోజుల తర్వాత తెలిసింది. ఆంజినప్పన్న తన ఇంటి ముందు సైకిలుకు బిందెలు కడుతూ కనబడ్డాడు. ఆయనకూ అదే జ్వరం. మణికట్లు బూరెల్లా వాచాయి.

"ఈ చేతులతో యాడికన్నా?" అన్నాను.

"పారబోసింది నేనే కదప్పా. మల్ల నింపేదెవరు?"

గుచ్చి గుచ్చి అడిగితే బయటపెట్టాడు. మళ్లీ నీళ్లు తెచ్చుకోలేని ప్రతి ఇంటికీ ఇన్నేళ్లుగా తన తొట్టిలో నీళ్లే మోస్తున్నాడట.

ఆయన భార్య తిప్పమ్మ గడపలో నిలబడి అంతా వింది.

"తొట్టి కారుతాండాదని మూడు తూర్లు సిమెంటు పూయిస్తిని కదయ్యా," అంది. ఆయన చేతిలోని బిందె లాక్కుని, చంకన పెట్టుకుని, బయమ్మవ్వ ఇంటివైపు నడిచింది.