గుండు అప్పమ్మ పట్టిన సెంటర్ లైన్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, కార్తీకమాసం. బరంపురం అంకులిలో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. పాత గొలుసుకట్టు కాగితాలు చదివి, ఇప్పటి అక్షరాల్లో టైపు చేసివ్వడం నా పని. గొలుసుకట్టు అంటే కలం ఎత్తకుండా, అక్షరాన్ని అక్షరానికి తగిలించుకుంటూ పోయే వెనకటి చేతిరాత. నేను బడికి వెళ్ళలేదు. కరణీకం చేసిన మా తాతగారు ఇంట్లోనే కూర్చోబెట్టి నేర్పారు. ఇవాళ్టికీ కొత్త కట్ట విప్పే ముందు దేవుడికి దీపం పెట్టి, ఆయన్ని ఒకసారి తలుచుకుంటాను.

ఆ ఏడు హల్దియాపదర్ నుంచి అప్పల్రాజు గారు ఒక నోటుపుస్తకం తెచ్చారు. ఆయన రైల్వేలో రిటైరైన మనిషి. తెల్లదొరల కాలంలో కొండ తొలిచి రైలు సొరంగం వేసినప్పుడు వాళ్ళ తాత అక్కడ మేస్త్రీ. ఆ పుస్తకం తాత రాసుకున్న మస్టర్ రోల్, అంటే ఏ రోజు ఎవరు పనికొచ్చారో రాసే హాజరు పుస్తకం. దాన్నిబట్టి తాత మీద చిన్న పుస్తకం అచ్చు వేయించాలని ఆయన కోరిక.

ఆ పనివాళ్ళను తలుచుకుంటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. యంత్రాలు లేవు. ఒకడు ఉలి పట్టుకుంటే ఇద్దరు సమ్మెటతో కొట్టి రాయికి కన్నం చేసేవారు. అందులో మందు కూరి పేల్చేవారు. పొగ పూర్తిగా పోకముందే ఆడవాళ్ళు తట్టలతో రాళ్ళు మోసేవారు. తవ్వకం కొండకు రెండు వైపుల నుంచీ సాగేది. ఒక్కో తవ్వకాన్నీ హెడింగ్ అంటారని అప్పల్రాజు గారే చెప్పారు. రెండూ లోపల కలవాలంటే సెంటర్ లైన్, అంటే సొరంగం నడిమి గీత, తప్పకూడదు. కప్పు నుంచి తాళ్ళకు బరువులు కట్టి వేలాడదీసి, దీపం పెట్టి, తాళ్ళన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసుకునేవారట.

"తప్పితే ఏటవుద్ది బాబుగారూ?" అన్నాను.

"ఏటవుద్ది, ఇటో కన్నం, అటో కన్నం. రైలు దిగి కొండెక్కి ఎల్లాల," అని నవ్వారు.

హాజరులో ఒక పేరు మాటిమాటికీ వచ్చింది: గుండు అప్పమ్మ. తల గొరిగించుకున్న మనిషి కాబోలు అనుకున్నాను. పక్కన నా వివరణగా 'బోడితల, బహుశా వితంతువు' అని టైపు చేశాను. ఆ తప్పు నాదే.

సంగతి విని మా వీధి చివర ఉండే సింహాచలమ్మ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, ఆ అప్పమ్మకు మనవరాలు. పుట్టిల్లు ఖల్లికోట పక్కన, ఆ సొరంగం కొండ దగ్గరే.

"మా మామ్మ పేరుందంట గదా, సదువు తల్లీ," అంది. చదివాను. నా వివరణ కూడా చదివాను.

ఆవిడ నా కాగితం పక్కకి నెట్టింది. "నువ్వూ అదే అన్నావా. ఊళ్ళో మమ్మల్ని గుండోళ్ళంతారు. నా పెళ్ళిలోన కూడా, పిల్లకి జుట్టుందో నేదో సూడండిరా అని ఏళాకోళం ఆడినారు. మా మామ్మకి సచ్చిపోయీదాకా ఇంత కొప్పుండీది. నా సేతుల్తో నూని రాసినాను. మరి ఆ మేస్త్రి గుండని ఎందుకు రాసినాడు?"

ఆవిడ వెళ్ళాక పుస్తకం మళ్ళీ మొదటి నుంచి తీశాను. మొదటిసారి పేర్లే చూసుకుంటూ పోయాను. ఈసారి మార్జిన్లో సన్నగా రాసిన ముక్కలు కూడా వదల్లేదు. మూడోనాడు దొరికింది: 'అప్పమ్మ గుండు తాడు తెగినది. కొత్త తాడు ఇచ్చితిమి.'

సింహాచలమ్మను పిలిచి వినిపించాను.

"బోడిగుండుకి తాడేటే?" అంది.

"తల కాదు పెద్దమ్మా. తూకం గుండు. తాపీవాళ్ళు గోడ నిలువు సూసుకోడానికి ఏలాడదీస్తారే, అది."

రెండు పేజీల తర్వాత ఇంకో ముక్క ఉంది: 'గుండు అప్పమ్మకు జ్వరము. లైను చూడలేదు. తవ్వకము ఆపితిమి.' గుండు ఊగితే లైను తప్పుతుంది. దాన్ని ఊగకుండా నిలబెట్టే చెయ్యి అప్పమ్మది. తట్టలు మోసేవాళ్ళు పదిమంది రాని రోజున కూడా ఆగని తవ్వకం, ఆవిడ ఒక్కతి రాకపోతే ఆగింది.

అప్పల్రాజు గారికి కబురు చేస్తే వచ్చి చూశారు. ముఖం చిట్లించారు.

"మా తాతే లైను నిలబెట్టినాడని ఇంట్లో సెప్పుకుంటాం తల్లీ. తట్ట మోసే ఆడమనిషి సెంటర్ లైన్ పట్టిందంటే మా రైల్వేవోళ్ళు నవ్వుతారు. కూలి అప్పమ్మ అని ఏసెయ్యి, గొడవొదిలిపోద్ది."

"ఎయ్యను బాబుగారూ. ఇది మీ తాతగారు తన చేత్తో రాసిన మాట. ఆయన్ని కాదనడానికి మీరెవరు, నేనెవరు?"

"అయితే ఇంకొకరి సేత సదివించుకుంటాను."

"చదివించుకోండి. గొలుసుకట్టు వచ్చినవాళ్ళెవరైనా ఇదే చదువుతారు. కూలి అనే వెయ్యాలంటే మాత్రం పుస్తకంలో నా పేరు తీసెయ్యండి."

తీసేశారు. 'కూలి అప్పమ్మ' అనే అచ్చయింది. నేను ఆ రెండు ముక్కలూ ఉన్నవి ఉన్నట్టు టైపు చేసి, ఏ పేజీలో ఉన్నాయో రాసి, కింద సంతకం పెట్టి సింహాచలమ్మకిచ్చాను. ఆవిడ మడిచి రొంటిన దోపుకుంది.

పుస్తకం విడుదల రోజున పిలవకపోయినా ఇద్దరం వెళ్ళాం. గుమ్మం దగ్గర సింహాచలమ్మ పుట్టింటి ఊరి మనిషి ఒకాయన, "గుండోళ్ళొచ్చినారర్రా," అన్నాడు. నలుగురు నవ్వారు.

సింహాచలమ్మ ఆగింది. "ఔను, గుండోళ్ళమే. మా గుండు నేకపోతే మీ కొండకి రెండు కన్నాలుండీవి," అని, నేరుగా వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. నేనూ పక్కనే కూర్చున్నాను. వేదిక మీద అప్పల్రాజు గారు మా వైపు చూడలేదు.

నా చదువులో తప్పు దిద్దింది అక్షరం రాని చెయ్యి, మామ్మ కొప్పుకు నూనె రాసిన చెయ్యి. ఆవిడను నా గుమ్మంలోకి పంపినందుకు దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఇప్పుడు మార్జిన్ మొత్తం చదివితే గాని ఏ మాటకీ అర్థం రాయను. రాశాక మాత్రం, ఎవరడిగినా మార్చను.