నాలుగు స్టేషన్ల విలువిద్య

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉంటుందని నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళ వయసు, రెండు సబ్జెక్టులు మిగిలిపోయిన ఇంజనీరింగు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక ఆటవస్తువుల షాపులో ఉద్యోగం. మా ఇల్లు ఎల్బీ నగర్‌లో. మెట్రో ఎక్కితే ఎక్కే స్టేషను, దిగే స్టేషను కలుపుకుని నాలుగు, మొత్తం ఆరు నిమిషాల ప్రయాణం. ఆ ఆరు నిమిషాల్లో ఫోన్లో ఏ వీడియో ఎంతవరకు నడిస్తే అంతవరకే నా చదువు. స్టేషను రాగానే ఆపి దిగిపోయేవాణ్ణి. మిగతాది సాయంత్రం చూద్దామనుకునేవాణ్ణి గానీ, సాయంత్రానికి ఇంకో కొత్త వీడియో వచ్చి కూర్చునేది. ఆ లెక్కన క్రికెట్ బ్యాటుకు నూనె పట్టించడం దగ్గర్నుంచి విలువిద్య దాకా ప్రతి విద్యలోనూ నేను మొదటి ఆరు నిమిషాల పండితుణ్ణి. (మా అమ్మ మాత్రం "మా వాడికి అన్నీ వచ్చు, చివరాఖర్న ఏమవుతుందో తప్ప" అనేది. తెనాలి మనిషి, పొగుడుతోందో తిడుతోందో చెప్పడం కష్టం.)

షాపు యజమానిని అందరం కాకా అనేవాళ్ళం. నల్లగొండ వైపు పల్లెటూరి నుంచి వచ్చి, క్యారమ్ బోర్డులు అమ్ముకుంటూ నిలదొక్కుకున్న మనిషి. ఓ మూల అద్దాల బీరువాలో విల్లు బాణాల సామాను కూడా పెట్టాడు. ఆయనతో నాకున్న పేచీ ఒక్కటే. కొనడానికి వచ్చినవాళ్ళు ఏదైనా అడిగితే "తెల్వది, చూద్దాం" అనేవాడు. గల్లా ముందు కూర్చున్న మనిషి తెలియదని ఒప్పుకుంటే ఇక ఆ షాపు పరువేం కాను? నేనైతే చచ్చినా ఆ మాట అనకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఒక శుక్రవారం కాకా పెళ్ళికని ఊరెళ్ళి షాపు నాకు అప్పగించాడు. సాయంత్రం డ్రిల్ అక్క వచ్చింది. చంపాపేట్‌లో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు డ్రిల్లు నేర్పే టీచరామె. ఆమెది పాత పద్ధతి చెక్క విల్లు, గురి చూసుకోవడానికి దాని మీద ఏ పరికరమూ ఉండదు. బాణాలు మాత్రం కార్బన్‌వి. ఆదివారం నాదర్‌గుల్ దాటాక ఒక మైదానంలో రాష్ట్ర జట్టుకు ఎంపిక. వేట మన దగ్గర నేరం కాబట్టి పొదల మధ్య స్పాంజి పందుల్నీ జింకల్నీ నిలబెట్టి వాటిని కొట్టమంటారు.

"తమ్ముడు, జర గాలి ఒస్తే బాణం అటిటు పోతుంది. ముందర బరువు జర పెంచితే మంచిగుంటదంటున్నరు. ఎంత పెంచాలె?" అని అడిగింది.

బాణం మొనకు బిగించే ములుకుల్ని గ్రెయిన్ల లెక్కన తూస్తారు. ఆమె బాణాలకున్నవి వంద గ్రెయిన్లవి, అంటే ఆరున్నర గ్రాములు. సరిగ్గా ఆ పొద్దున్నే మెట్రోలో నేనొక వీడియో చూశాను. ఏదో దేశపు అడవిలో ఓ గడ్డం పెద్దాయన, వేటకు వాడే బ్లేడ్ల ములుకును బాణానికి బిగిస్తూ, ముందు బరువెంత ఉంటే బాణం అంత నిలకడగా పోతుందని చెబుతున్నాడు. ఆ తర్వాత "అయితే" అని వేలెత్తాడు. ఈలోగా దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది.

"రెండు వందలు వేసేద్దామండి. తిరుగుండదు," అన్నాను.

"రెండింతలా? కాకాను ఒకసారి అడగరాదు?"

"కాకాకు ఇవన్నీ తెలియవండి."

"ఇగ గీ బాణాలే నాకు అన్నం పెట్టాలె తమ్ముడు. జట్టుల పేరొస్తే బడోళ్ళు జూన్ నుంచి పర్మనెంట్ చేస్తమన్నరు. లేకుంటే గీ ఏడాదితోని బంద్. రేపంతా బడిల స్పోర్ట్స్ డే ఉంది, ఏసి చూసుకునే టైమ్ కూడా లేదు," అంది. అయినా బాణాలు నా చేతిలో పెట్టి వెళ్ళింది. నా గొంతులోని ధీమా అలాంటిది. ఇప్పుడు తలుచుకుంటే ఆ గొంతు నొక్కేయాలనిపిస్తుంది.

పనిలో మాత్రం లోపం చేయలేదని మనవి చేసుకుంటున్నాను. పక్క సందులో నగలు చేసే బాబాయి దగ్గరికి ఆరు కొత్త ములుకులూ పట్టుకెళ్ళి బంగారం తూచే కాటా మీద పెట్టించాను. ఒకటి వెంట్రుకవాసి ఎక్కువ తూగితే ఆకురాయితో అరగదీసి మిగతావాటితో సమానం చేశాను. ("తరుగు ఎవరి ఖాతాలో రాయమంటావురా?" అని ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు, శాస్త్రం జరుగుతోంది కదా.) కాకా అయితే వేడి చేస్తే కరిగే గమ్ము కడ్డీతో అతికించేవాడు. అది నాకు నామోషీగా తోచి, రెండు ట్యూబులు కలిపి పూసే గట్టి జిగురుతో పిడుగు పడినా ఊడకుండా బిగించాను. పాత ములుకులు సొరుగులో పడేశాను. ఆరు బాణాలూ ఒకే బరువు, ఒకే తీరు. తప్పు కూడా ఆరింటిలో ఒకేలా ఉందని అప్పటికి తెలియదు.

ఆదివారం పొద్దున్నే, ముందు రాత్రే ఊరి నుంచి తిరిగొచ్చిన కాకా స్కూటర్ అడిగి తీసుకుని అక్కను ఎక్కించుకుని బయల్దేరాను. మైదానంలో జనం బాగానే ఉన్నారు. పైన, పైలట్ శిక్షణ వాళ్ళ బుల్లి విమానం ఒకటి గిరికీలు కొడుతోంది. పోటీకి ఇంకా ముప్పావుగంట ఉంది. అక్క సాధన చేసుకునే చోట నిలబడి మొదటి బాణం వదిలింది. అది తోక ఊపుకుంటూ వెళ్ళి పందికి కుడివైపు మట్టిలో దిగింది. రెండోదీ అంతే. మూడోది వేసేముందు పాదాలు సర్దుకుని, ఊపిరి పీల్చి, చాలా సేపు ఆగి వదిలింది. అదీ కుడికే. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

అక్కడే ఉన్న అంపైర్ సార్ ఒక బాణం తీసుకుని వేళ్ళ మధ్య వంచి చూశాడు. "ముందు ఇంత బరువు పెట్టినప్పుడు కాడ గట్టిది ఉండాలె, లేకుంటే కాడను పొట్టిగన్న కొయ్యాలె. వదలంగనే కాడ ఎక్కువ వంగుతుంది, అందుకే పక్కకు పోతుంది. ఎవరు చేసిండ్రు ఇది?"

అక్క నా వైపు చూడలేదు. చూసి తిడితే బాగుండేది. "పాత పాయింట్లు తెచ్చినవా తమ్ముడు?" అని మాత్రం అడిగింది.

తేలేదు. తెచ్చినా ఆ జిగురు ఊడదు. పక్కకు వెళ్ళి కాకాకు ఫోన్ చేశాను. "కాకా, బాణాలు..." అన్నానో లేదో, "డిక్కీ తియ్యి," అన్నాడు ఆయన.

స్కూటర్ డిక్కీలో ఒక క్యారమ్ పౌడర్ డబ్బా ఉంది. అందులో ఆ ఆరు పాత ములుకులు, ఒక పట్టకారు, గమ్ము కడ్డీ, లైటరు. "చాయ్ బండి ఉంటది చూడు ఆడ. మసిలే నీళ్ళల్ల ములుకులు ముంచి పట్టు, జిగురు మెత్తవడ్తది. కాడను మంటకు పెట్టకు, ఖరాబైతది," అని ఫోన్ పెట్టేశాడు.

చాయ్ బండి ఆయన ముందు ఒప్పుకోలేదు. "నా గిన్నెల బాణాలేంది భయ్, మంది చాయ్ తాగాలె," అన్నాడు. అక్క నోరు విప్పి విషయం చెప్పాక, కప్పులు కడిగే గిన్నె స్టవ్ మీద పెట్టాడు. ఆ నీళ్ళు మరగడానికి పట్టినంత సేపు నా జీవితంలో ఇంకేదీ పట్టలేదు. మైకులో పేర్లు చదవడం మొదలైంది. మొదటి బాణాన్ని తొందరపడి పట్టకారుతో తిప్పాను, కాడ చివర పటుక్కున చిట్లింది. రెండోదీ చిట్లింది. అక్క నా చేతిలోంచి పట్టకారు తీసుకుంది. "ఆగు. నిమ్మలంగ," అంది, అది నాకో తనకో తెలియదు. మిగతా నాలుగూ ఆమే ఊడదీసింది, నేను గమ్ము కరిగించి పాతవి అతికించాను. నా వేళ్ళు కాలుతున్నా చెప్పుకునే మొహం లేదు. ఆమె పేరు రెండోసారి పిలిచేటప్పటికి పరుగెత్తింది.

పన్నెండు జంతువులు, ఒక్కోదానికి రెండు బాణాలు, వేసినవి ఏరుకుని ముందుకు పోవడమే. నేను తాడు అవతల నడుస్తూ ప్రతి బాణాన్నీ కళ్ళతో మోస్తున్నాను. నాలుగో జంతువు దగ్గర ఒకటి రాయికి తగిలి విరిగింది. తొమ్మిదో దగ్గర ఇంకొకటి తుమ్మపొదలోకి దూరింది. రెండు మిగిలాయి. వాటిలో ఒకటి పోయినా పోటీ అక్కడితో సరి. మొక్కుబడులు అప్పటిదాకా మా అమ్మ శాఖ. ఆ రోజు నేనే నాలుగైదు మొక్కాను (రెండు ఇంకా తీర్చలేదు).

పన్నెండోది దూరపు పంది. గాలి లేచింది. అక్క విల్లు ఎత్తింది, దించింది. మళ్ళీ ఎత్తి, మళ్ళీ దించింది. అంపైర్ సార్ గడియారం చూసుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. స్పాంజికి బాణం దిగిన చప్పుడు ఒకటి వినబడింది, కాసేపటికి రెండోది. కళ్ళు తెరిస్తే రెండూ పంది డొక్కలో పక్కపక్కనే ఉన్నాయి. జట్టుకు నలుగురు కావాలి, అక్కది నాలుగో పేరు.

వచ్చేటప్పుడు కొత్తపేట దగ్గర ఆమెను దింపాను. చిట్లిన రెండు బాణాలు నా చేతికిచ్చి, "ఇవి నీ దగ్గర్నే ఉంచుకో తమ్ముడు," అని ఆటో ఎక్కింది. కోపం లేదు ఆ మాటలో. అందుకే ఇంకా గుచ్చుకుంటుంది.

షాపుకొచ్చి కాకాను అడిగాను, తప్పని తెలిసి ముందే ఎందుకు చెప్పలేదని. ఆయన క్యారమ్ కాయిన్లు లెక్కపెట్టడం ఆపలేదు. "తప్పని నాకేం తెల్సు? రాత్రి వచ్చి చూస్తే సొరుగుల పాతయి, బల్ల మీద నీ జిగురు ట్యూబులు కనవడ్డయ్. నీ లెక్క ఒప్పో తప్పో నాకు తెల్వది. తెల్వనప్పుడు పాతయి దగ్గర పెట్టుకోవాలె."

ఆ సాయంత్రమే ఆ వీడియో తెరిచాను. ఏడో నిమిషంలో గడ్డం పెద్దాయన ఎత్తిన వేలు దించకుండా అంపైర్ సార్ చెప్పిన మాటే చెప్పాడు. ఒక్క స్టేషను దూరంలో ఉండిపోయింది ఆ మాట.

ఇప్పుడా షాపు గల్లా ముందు నేనే కూర్చుంటున్నాను. చిట్లిన బాణాలు రెండూ అద్దాల బీరువాలో ఉన్నాయి. అమ్మకానికి కాదు. డ్రిల్ అక్క తన బడి పిల్లల్ని నా దగ్గరికే పంపుతుంది. "గా అన్న తెల్వకుంటే తెల్వదనే చెప్తడు, భయం లేదు" అని చెప్పి పంపుతుందట. ఇప్పటికీ ఎల్బీ నగర్‌లోనే మెట్రో ఎక్కుతాను, వీడియోలు చూడటం మానలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాక మాత్రం ప్లాట్‌ఫాం మీద బెంచీ చూసుకుని కూర్చుని, అయిపోయేదాకా చూసి లేస్తాను. ఒక్కోసారి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగేస్తూ, అంతా తెలిసిపోయిన నడకతో నా ముందు నుంచి మెట్లు దిగిపోతున్న ఇరవై రెండేళ్ళ కుర్రాడెవడో కనిపిస్తాడు. ఆగరా అబ్బాయ్, ఇంకొక్క నిమిషమే అని పిలవాలనిపిస్తుంది. పిలిచినా వాడు వినడు, నాకు బాగా తెలుసు.