ఫొటోలో పాప చెయ్యి

ద్వారకాలో మా అపార్ట్‌మెంట్‌లోనే అద్దెకుండేది ఆ అమ్మాయి. మొదటి టీకాల క్యాంపు అయిన దగ్గర్నుంచీ, లిఫ్టులో నేనెదురైతే చాలు, చంకలో ఉన్న పాప గౌను చెయ్యి కిందికి లాగేది. ఎందుకో అర్థమయ్యేది కాదు.

క్లబ్‌హౌస్‌లో ఆ తట్టు టీకాల క్యాంపు పెట్టినప్పుడు, పిల్లలకు టీకా వేయించిన తల్లులను ‘మా పాపకు టీకా వేయించాం’ అని రాసిన అట్టఫ్రేములో నిలబెట్టి నేనే ఫొటోలు తీశాను. మా ఫేస్‌బుక్ పేజీలో అందరికంటే ఎక్కువ లైకులు ఈమె నవ్వుకే వచ్చాయి. అది చూసి పక్క బ్లాకు తల్లులు కూడా తర్వాతి క్యాంపుకు కదిలారు.

ఆ క్యాంపుకు ఆమె కూడా వచ్చింది.

“ఆంటీ, నా ఫొటో తీసేయండి ప్లీజ్.”

“ఎందుకమ్మా? నిన్ను చూసేగా ఇంతమంది వచ్చారు!”

“అదే సిగ్గుగా ఉందాంటీ. అప్పుడు టీకాల మీద ఏదో వీడియో చూసి భయపడ్డా. అందరూ అడుగుతారని ఫొటో మాత్రం దిగి వెళ్లిపోయా. పాపకి సూది వేయించలేదు.”

నర్స్ దీదీ ముందు కూర్చుని ఆమె ఆ గౌను చెయ్యి పైకి మడిచింది. పాప కెవ్వుమంది. తనూ ఏడుస్తూ నావైపు చూసి, వద్దన్నట్టు తలూపింది.

అప్పటికే నేను అలవాటుగా ఫ్రేము ఎత్తి పట్టుకున్నాను. దాన్ని ఎక్కడ దాచాలో తెలియలేదు.