తంగేడు పొద దగ్గర కుడివైపుకు

ఆ రోజుల్లో దారి అనేది ఫోన్లో ఉండేది కాదు, మనుషుల నోట్లో ఉండేది. ఫోన్లు లేవని కాదు. అవి మాట్లాడటానికి పనికొచ్చేవి గానీ, ఎక్కడ తిరగాలో చెప్పేంత తెలివి వాటికింకా రాలేదు. ఫలక్‌నుమాలో పుట్టి పెరిగిన నాకు దారి అంటే దుకాణాల వరుస. పాన్‌డబ్బా దాటు, ఇరానీ హోటల్ పక్క గల్లీలో దూరు, పంక్చర్ షాపు రాగానే ఎవరినైనా అడుగు. ఎవరిని అడిగినా "సీదా చలే జావో భాయ్" అనే అంటారు, దారి ఎంత వంకరగా ఉన్నా సరే. దబీర్‌పురా నుంచి మా ఇంటిదాకా కళ్ళు మూసుకుని నడుస్తానని డబ్బా కొట్టుకునేవాణ్ణి (ఒకసారి నిజంగానే మూసుకుని నడిచాను, అరటిపండ్ల బండి ఆయన చాలా ఏళ్ళు నన్ను గుర్తుపెట్టుకున్నాడు). అలాంటివాణ్ణి పొలాల మధ్య ఒక్క కాలిబాట మీద నడిచి, ఒక ఊరికి రావలసిన చుట్టాలందరినీ ఎలా ఆపేశానో చెప్పాలంటే, ముందు మా అక్క సంగతి చెప్పాలి.

అక్కకు పెళ్ళయి అది రెండో ఏడు. బతుకమ్మ పండుగకు ఆడబిడ్డ పుట్టింటికి రావడం మా ఆచారం. కానీ ఆ ఏడు అక్క అత్తగారు వాకిట్లో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకోవడంతో అక్క రాలేకపోయింది. "రాకుంటే ఏమాయె, చీర మనమే కొంచవోతం" అని అమ్మ తేల్చేసింది. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం, బతుకమ్మను వాకిట్లోంచి ఎత్తకముందే, పుట్టింటి చీర అక్క ఒంటి మీద ఉండాలి. "చీర యాది మర్వకుండ్రి, ఈడ అందరు చూస్తరు" అని అక్క కూడా ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పింది. జాకెట్ ఇంకా దర్జీ దగ్గరే ఉంది. అందుకని పొద్దున్నే నేను బంతిపూల సంచితో ముందు పోవడం, మధ్యాహ్నం డ్యూటీ దిగాక బాపు చీరా జాకెట్టూ పట్టుకుని రావడం అని ఏర్పాటు. బాపుది రైల్వేలో పాయింట్స్‌మన్ ఉద్యోగం. పట్టాలు చీలే చోట ఏ బండి ఎటు మళ్ళాలో చూసుకోవడమే ఆయన పని. ఆయన చేతుల మీదుగా ఒక్క బండి కూడా తప్పుదారి పట్టలేదని స్టేషన్లో పేరు (ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, నా సిగ్గంతా దీంట్లోనే ఉంది).

బస్సు దిగే ఊరి నుంచి అక్క ఊరికి తారురోడ్డు బాగా చుట్టు తిరిగి పోతుంది. పండుగనాడు ఆటోలు కూడా లేవు. కాలిబాటే దిక్కు. నన్ను దింపిన బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాక, చేతులు ఇంత తేలిగ్గా ఉన్నాయేమిటా అనుకున్నాను. కిటికీ గాలికి హాయిగా నిద్రపోయి, కండక్టరు కేకకు ఉలిక్కిపడి దిగాను కదా, పూల సంచి మాత్రం సీటు కిందే ఉండిపోయి నాకంటే ముందుకు ప్రయాణం చేస్తోంది. బావకు ఫోన్ చేశాను. సంచి మాట ఎత్తలేదు, దారి మాత్రం అడిగాను.

"కాల్వ గట్టెంబడి రా బామ్మర్దీ. పత్తి చేన్లు దాటినంక తొవ్వ రెండు చీలుతది. ఆడ మనిషెత్తు తంగేడు పొద ఉంటది, నిండ పూసి ఉన్నది. ఆడ కుడి దిక్కు మల్లు. ఎడమకు పోయినవనుకో, గుట్టల్ల తేల్తవ్."

"గంతేనా బావా? మా గల్లీల కంటే మస్తు నయం!"

ఆ మాటే వెంటనే బాపుకు అప్పజెప్పాను. "బాపూ, ఫికర్ చెయ్యకు. పసుపుపచ్చగ పూసిన తంగేడు పొద కాడ కుడి దిక్కు. గంతే."

"పక్కానా?"

"పక్కా బాపూ."

"సరే. ఛార్జింగ్ తక్కువున్నది, ఫోన్ బంద్ చేస్తున్న."

కాలువలో నీళ్ళు చప్పుడు లేకుండా పోతున్నాయి. గట్టు మీద నేను తప్ప మనిషి లేడు. అడగడానికి ఎవరూ లేని దారిలో నడవడం నాకదే మొదటిసారి, అందుకని "సీదా చలే జావో" అని నాకు నేనే చెప్పుకుంటూ నడిచాను. దారి పొడుగునా తంగేడు పొదలున్నాయి గానీ ఒక్కదాని మీదా పువ్వు లేదు, పండుగకని ఊరివాళ్ళు అప్పటికే తెంపుకుపోయారు. పత్తి చేలు దాటేసరికి కనబడింది బావ చెప్పిన పొద. ఆకు కనబడనంతగా పూసి, ఎండలో ఎండలా నిలబడి ఉంది. దానికి రెండు పక్కలా రెండు బాటలు. ఇంతమంది కళ్ళను తప్పించుకుని ఈ ఒక్క పొద ఎలా మిగిలిపోయిందా అని ఆశ్చర్యపోయాను. పాపం, ఊరివాళ్ళకు చూపు తక్కువ అనుకున్నాను (అవును, అలాగే అనుకున్నాను). బంతిపూలు పోతే పోయాయి, తంగేడు దొరికింది! చొక్కా విప్పి మూటకట్టాను. పువ్వు వెనక పువ్వు, కొమ్మ వెనక కొమ్మ, చేతికందని వాటిని వంచి మరీ తెంపాను. జీవితంలో నేను అంత శ్రద్ధగా పూర్తిచేసిన పనులు చాలా తక్కువ.

అక్క ఇంటి వాకిట్లోకి బనీను మీద అడుగుపెట్టాను. చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఇంటిని నడిపిస్తున్న అత్తమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఏంది, మా కోడలి తమ్ముడు గిట్లొచ్చిండు? పట్నంల గిదేనా కొత్త ఫ్యాషను?"

"పూలు నలుగుతయని చొక్కల కట్టుకొచ్చిన అత్తమ్మా. అమ్మ పంపింది."

ఆమె ఒక పువ్వు తీసి వేళ్ళ మధ్య తిప్పింది. "పట్నంల తెంపిన పూలు ఇంక గింత తాజాగున్నయి. బస్సుల నీళ్ళు చల్లుకుంట వచ్చినవా బిడ్డా?"

నేను దాహం నటించాను. అక్క మాత్రం మూట విప్పి పొంగిపోయింది. "సూసినవా అత్తమ్మా, నా తమ్ముడు ఎన్ని తెచ్చిండో!" ఆ పొగడ్త వింటూ రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. దులిపి వేసుకున్న చొక్కా నిండా పసుపు మరకలు.

పొద్దు వాలేసరికి బతుకమ్మ తయారైంది. కింద గునుగు పూలు, వాటి పైన వరస వెంట వరసగా నా తంగేడు, కొసన పసుపు ముద్ద గౌరమ్మ. పక్కిళ్ళ ఆడవాళ్ళు తమ బతుకమ్మలతో వాకిట్లో చేరారు. అక్క పాత చీరలోనే ఉండి గుమ్మం వైపు చూస్తోంది.

"మామ ఇంక రాకపాయె. తొవ్వ మంచిగ చెప్పినవా లేదా?" అన్నాడు బావ.

"నువ్వు చెప్పిందే చెప్పిన బావా. నిండ పూసిన తంగేడు పొద కాడ..."

నా కళ్ళు వాటంతటవే బతుకమ్మ మీదికి పోయాయి. నా కళ్ళ వెంట బావ కళ్ళు, బావ కళ్ళ వెంట వాకిట్లో అందరి కళ్ళూ పోయాయి.

"నేను అప్పుడే అనుకున్న," అంది అత్తమ్మ నింపాదిగా. "ఆ పొద మీద మా ఊర్ల ఎవ్వరు చెయ్యి వెయ్యరు బిడ్డా. పండుగకొచ్చే చుట్టాలకు గుర్తుండాలె అని యేటా ఇడిచిపెడ్తం."

"అంటే, బాపుకు చెప్పిన గుర్తు నా బతుకమ్మల ఉన్నదారా?" అంది అక్క.

వాకిలంతా నవ్వింది. అక్క కూడా నవ్వింది గానీ, నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "చీర రాంది నేను బతుకమ్మను ఎత్త" అంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

బాట చీలే చోట చిన్న జాతరే ఉంది. లడ్డూల బుట్టతో ఒక పెద్దమ్మ, సైకిలుతో ఒక కొత్త అల్లుడు, అతని వెనక సిగ్గుపడుతూ కొత్త పెళ్ళికూతురు. వాళ్ళందరి ముందూ చీర పొట్లం చంకలో పెట్టుకుని, రెండు బాటలకూ అడ్డంగా మా బాపు.

"గుర్తు లేనిది కదలొద్దు," అని చెబుతున్నాడు వాళ్ళకు. "సిగ్నల్ కనవడకుంటే బండి ఆగుడే. గది రూలు."

"నీ నాయననా?" అంది పెద్దమ్మ నన్ను చూసి. "తొవ్వ తప్పుతరని ఒక్కల్ని కదలనిస్తలేడు. నా లడ్డూలు చీమలు తింటున్నయి!"

బాపు బోసిపోయిన పొదను చూశాడు, దాని కింద రాలిన రేకులను చూశాడు, తర్వాత నా చొక్కా మీది పసుపు మరకలను చూశాడు. "లైన్ క్లియర్," అన్నాడు వాళ్ళతో. "సిగ్నల్ పీకినోడు దొరికిండు."

అందరినీ ముందు పంపి, వెనక నడుస్తూ బాపుకు అంతా చెప్పేశాను. బస్సులో పోయిన సంచి, చెప్పిన అబద్ధం, అన్నీ. ఆయన తిట్టలేదు. "పూలు పోయినయ్, సరే, పోతయి. కుడి దిక్కు అని చెప్పి, చెప్పిన గుర్తునే తెంపుకుంటే ఎట్లరా? నీ మాట పట్టుకొని ఎనకంగ ఒక మనిషొస్తుండు కదా." తిడితే బాగుండేది.

మేం వాకిట్లో అడుగుపెట్టేసరికి ఆడవాళ్ళు పొద్దుపోతోందని గోల పెడుతున్నారు. అత్తమ్మ మాత్రం మంచం దిగి, మంచిగా ఉన్న చేతిని మా బతుకమ్మ పళ్ళెం మీద అడ్డం పెట్టి కూర్చుంది. "ఎందుకే లొల్లి? మా కోడలి నాయన తొవ్వల ఉన్నడు. ఆయనొస్తెనే నా చెయ్యి లేస్తది." చీర చూడగానే అక్క లోపలికి పరుగెత్తింది. కట్టుకుని వచ్చి బతుకమ్మను ఎత్తుకున్నప్పుడు, ఆమె ముఖంలోకి చూడలేక నేను ఆమె కాళ్ళ దగ్గర కుచ్చెళ్ళు చూశాను. బాపు వాటిని చూసి, ఏదో బండి సమయానికి వచ్చినట్టు తల ఊపాడు.

ఆటలూ పాటలూ అయ్యాక చెరువులో బతుకమ్మలను వదిలారు. మాది నెమ్మదిగా ఊగుతూ దూరం పోతుంటే బాపు నా భుజం తట్టాడు.

"అగో, నీ గుర్తు నీళ్ళల్ల పోతున్నది. మరి రేపు వాపస్ ఎట్ల పోతమురా?"

ఇప్పుడు ఆ కాలిబాట మీద సిమెంటు రోడ్డు పడింది. పొద లేదు, అడ్డంగా నిలబడి ఆపే బాపు కూడా లేడు. మా అబ్బాయి కారులో ఫోన్ లోపలి అమ్మాయి చెప్పినట్టు తిప్పుకుంటూ పోతాడు. అక్కడికి రాగానే మాత్రం నా నోరు ఊరుకోదు. "ఈడ కుడి దిక్కు" అంటాను. "తెలుసు డాడీ," అంటాడు వాడు.

మా ఇంటికి ఎవరైనా మొదటిసారి వస్తుంటే మా ఆవిడ ఫోన్లో లొకేషన్ పంపేస్తుంది. నేను చెప్పులేసుకుని గల్లీ మొగదలకు పోయి నిలబడతాను. "మీరెందుకు పోవుడు? ఫోన్ల చూసుకుంట వస్తరు కదా" అంటుంది ప్రతిసారీ. వస్తారు నిజమే, ఫోన్లోంచి తల ఎత్తకుండా నన్ను దాటుకుని కూడా పోతారు. అయినా నిలబడతాను. ఆ మధ్య పంక్చర్ షాపు ఆయన నవ్వుతూ, "క్యా భాయ్, మీ చుట్టాలకు నా దుకాణం గుర్తు చెప్తే సరిపోదా?" అని అడిగాడు. సరిపోతుంది. కానీ దుకాణం రేపు ఉంటుందో ఉండదో! బట్టతలతో, పొట్టతో, గళ్ళ చొక్కాతో నిలబడ్డ నన్ను మాత్రం ఏ బామ్మర్దీ తెంపుకుపోడు.