ఒకటి చాలు బాబాయి

మా బాబాయికి ఏ వస్తువైనా రెండు కనిపిస్తే ఒళ్ళు మండిపోతుంది. ఒకటి చాలు. ఇదీ ఆయన సిద్ధాంతం, ఇదే ఆయన జబ్బు, చుట్టాల్లో ఆయనకి స్థిరపడిపోయిన పేరూ ఇదే.

ఇంట్లో రెండు గొడుగులుండేవి. "వాన ఒకటే కదా!" అని ఒకటి ఎవరికో ఇచ్చేశాడు.

"ఇద్దరం బయటికెళ్ళాల్సొస్తేనో?" అంది పిన్ని.

"దాని కిందే ఇద్దరం వెళ్దాం."

ఆ వానాకాలమంతా ఆయన కుడి భుజం, ఆవిడ ఎడమ భుజం తడుస్తూనే ఉన్నాయి. తర్వాత రెండో గోడగడియారం పోయింది, రెండో గరిటె పోయింది. చెప్పుల దగ్గర మాత్రం పిన్ని గట్టిగా అడ్డుపడింది. పక్కింట్లో కవలలు పుట్టినప్పుడు ఈయన చూడ్డానికి బయల్దేరితే, ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అయినా వెళ్ళాడు. ఉయ్యాల్లోకి చాలాసేపు తొంగి చూసి, "ఒకడు ఏడుస్తున్నాడు, ఒకడు నిద్రపోతున్నాడు. తేడా ఉంది, ఉండనిద్దాం" అని తీర్పు చెప్పాడు. ఆ తల్లి ఇప్పటికీ ఆ మాట తలుచుకుని నవ్వుతుంది.

ఇలాంటి మనిషి వచ్చి వచ్చి కంప్యూటర్ల పనిలో పడ్డాడు. నేనూ అదే పనిలో ఉన్నాను కాబట్టి, మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. ప్రోగ్రాములు రాసే భాషలకి ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లు వస్తుంటాయి. పాత పనికి పాత వెర్షనే కావాలి, కొత్త పనికి కొత్తది కావాలి. రెండూ ఒకే కంప్యూటర్లో తోడికోడళ్ళలా కొట్టుకోకుండా, ఎప్పుడు ఏది కావాలో దాన్ని ముందుకు తెచ్చే చిన్న ప్రోగ్రాము ఉంటుంది. ఇలాంటి చిన్న ప్రోగ్రాముల్ని మేం స్క్రిప్ట్ అంటాం. రాసినవాళ్ళు దాన్ని ఇంటర్నెట్‌లో పెడతారు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, తమకి కావాల్సినట్టు మార్చుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే అదే. దీనివల్ల వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఒకే పని చేసే స్క్రిప్టులు ఊరికి పది పుట్టుకొచ్చాయి. అవి చూసినప్పట్నుంచీ బాబాయికి కంటిమీద కునుకు లేదు.

ఆఫీసు నుంచి రాగానే కూర్చుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఉత్తరాలు రాసేవాడు. "అయ్యా, తమరి స్క్రిప్టూ ఫలానా పెద్దమనిషి స్క్రిప్టూ చూశాను. కనుముక్కు తీరు ఒకటే. సంబంధం కలుపుకోవడానికి తమకేమైనా అభ్యంతరమా?" పెళ్ళిళ్ళ పేరయ్య కూడా అంత మర్యాదగా రాయడు. కొందరు తిట్టేవాళ్ళు. ఎవరు పట్టిన కుందేలుకి వాళ్ళ లెక్కలో మూడే కాళ్ళు కదా. ఈయన తిట్టినవాళ్ళకి క్షమాపణ చెప్పి, మళ్ళీ అదే అడిగేవాడు. చివరికి విసిగిపోయి ఒప్పుకునేవాళ్ళు.

"వాడుకునేవాళ్ళకి లేని బాధ మీకెందుకండీ? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అనేది పిన్ని.

"కత్తిపీట ఒకటే ఉంది కదా మనింట్లో?" అని ఈయన కంగారుగా వంటగదిలోకి చూసేవాడు.

అలా వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఒక ఆదివారం మా ఇంటికే వచ్చాడు.

"అమ్మాయ్, నీ స్క్రిప్టుకి అచ్చుగుద్దినట్టున్న ఇంకో స్క్రిప్టు దొరికింది. కలిపేద్దాం."

అది ఎవరిదో ఆయన చెప్పక్కర్లేదు. గడుగ్గాయిది. నా స్నేహితురాలికి ఆ పేరు ఆఫీసులో అందరం కలిసి పెట్టాం. దానికా పేరు ఇష్టం కూడా. మేమిద్దరం ఒకే ఆఫీసులో చేసేవాళ్ళం, ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఆ గదిలో కూర్చుని, ఒక పాత కంప్యూటర్ మీద ఇద్దరం కలిసి రాసిందే ఆ స్క్రిప్టు. అద్దె దగ్గర రాని గొడవ, వంట దగ్గర రాని గొడవ, స్క్రిప్టు దగ్గర వచ్చింది. ఒక పని ఫోల్డరులోంచి ఇంకో పని ఫోల్డరులోకి వెళ్ళగానే వెర్షను దానంతటదే మారిపోవాలని నేను. మార్చేముందు మనిషిని అడగాలని గడుగ్గాయి. మాటా మాటా పెరిగింది. స్క్రిప్టుకి ఒక కాపీ తీసుకుని, బట్టలు సర్దుకుని, గదీ ఆఫీసూ రెండూ మారిపోయింది. రెండేళ్ళుగా మాటల్లేవు.

ఆ రెండేళ్ళూ నాకు ఎలా గడిచాయో చెప్పనా? మీటింగులో ఎవరైనా పిచ్చి మాట మాట్లాడితే, దాని మొహం చూద్దామని పక్కకి తిరిగేదాన్ని. దాని కుర్చీలో అకౌంటెంటు ఉండేవాడు. పాపం, నేను తనని చూసి ఎందుకు నవ్వుతున్నానో తెలియక కాలర్ సర్దుకునేవాడు. రోజూ పొద్దున్నే కాఫీకన్నా ముందు ఇంటర్నెట్‌లో దాని స్క్రిప్టు పేజీ తెరిచి, నిన్న ఏం మార్చిందో చూసేదాన్ని. ఒక వారం ఏమీ మార్చకపోతే ఒంట్లో బాగాలేదేమోనని బెంగ పడేదాన్ని. ఫోన్ చేయడానికి మాత్రం మొండితనం అడ్డొచ్చేది. గడుగ్గాయి లేని లోటు పూడేది కాదని నాకు తెలుసు.

"దాంతో నేను కలవను బాబాయ్" అన్నాను.

"స్క్రిప్టులు కలుపుతానన్నాను గానీ మనుషుల్ని కాదే" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. జుట్టు నెరిసేదాకా ఇదే పనిలో ఉన్న మనిషి, నిన్నగాక మొన్న చేరినవాడు కూడా అడగని ప్రశ్నలు అడిగేవాడు.

"అమ్మాయ్, ఇక్కడ పాత వెర్షను ఉందో లేదో ఎందుకు చూస్తోందీ?"

"ఉంటే మళ్ళీ పెట్టక్కర్లేదు కాబట్టి."

"ఓహో. ఈ కింది వరుస మాటేమిటి?"

"అది తను రాసింది. తననే అడుగు."

"అడిగానమ్మా. నిన్ను అడగమంది."

"ఎలా అంది?"

"నోటితోనే అంది."

"అది కాదు బాబాయ్! కోపంగా అందా, మామూలుగా అందా?"

"కనుక్కుని చెప్తానుండు" అని పెట్టేసేవాడు. సాయంత్రం మళ్ళీ ఫోన్. "మామూలుగానే అందిట. నీకు జలుబు తగ్గిందా అని అడిగింది." నాకు జలుబని దానికెలా తెలుసు? ఈయనే చెప్పుంటాడు. ఆ పూటంతా తుమ్ము వచ్చినా హాయిగానే ఉంది. పోనుపోనూ ఆయన ఫోన్ కోసం ఎదురుచూడటం అలవాటైపోయింది. ఒకరోజు చేయకపోతే నేనే చేసి, "ప్రశ్నలేం లేవా బాబాయ్?" అని అడిగాను.

కొన్ని నెలలకి కబురొచ్చింది. "పని పూర్తయింది. ఇద్దరూ వచ్చి చూసి సరేననాలి."

వెళ్ళేసరికి గడుగ్గాయి అప్పటికే వచ్చి కూర్చుంది. కాస్త చిక్కింది. నన్ను చూసి తల ఆడించింది. నేనూ ఆడించాను. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

బాబాయి మా ఇద్దరి మధ్యా లాప్‌టాప్ పెట్టి, కలిపిన స్క్రిప్టు నడిపించాడు. వెర్షను మార్చేముందు అడగమంటే అడుగుతోంది, వద్దంటే దానంతటదే మార్చేస్తోంది. ఇంత చిన్న మార్గం మాకు తోచనే లేదు. అంతా చకచకా నడిచి, మధ్యలో టక్కున ఆగింది. కాసేపు ఏమీ జరగలేదు. కదిలింది. మళ్ళీ ఆగింది.

ఎందుకు ఆగుతోందో మా ఇద్దరికీ తెలుసు. అప్పట్లో మేమున్న గదిలోని ఆ పాత కంప్యూటరు గుక్క తిప్పుకోలేక మొరాయించేది. దాని కోసం మధ్యలో "కాసేపు ఆగు" అని ఒక వరుస రాశాం. అది ఆగినంతసేపూ కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఆ కంప్యూటరు ఎప్పుడో మూలపడింది. ఇప్పుడు ఆ వరుసతో ఎవరికీ పనిలేదు. మిగతాదంతా మార్చుకుంటూ వచ్చాను గానీ, దాని జోలికి మాత్రం పోలేదు.

"ఇది రెండుసార్లు ఉందేమిటి బాబాయిగారూ?" అంది గడుగ్గాయి.

"ఇద్దరి దాంట్లోనూ ఉందమ్మా. ఏది తీసెయ్యాలో నాకు తెలియలేదు. మీరే తేల్చుకోండి" అని బాబాయి వంటగదిలోకి వెళ్ళిపోయాడు.

మంచినీళ్ళు తెచ్చిన పిన్ని గొంతు తగ్గించి అంది. "ఈ స్క్రిప్టులు రెండూ ఆయన ఒక్కపూటలో కలిపేశారర్రా. ఆ తర్వాత రోజూ కూర్చుని, మిమ్మల్ని ఏం అడగాలా అని ఆలోచించడమే పని. నన్ను కూడా ప్రశ్నలు చెప్పమని చంపేశారు. ఆ పాత వెర్షను ప్రశ్న నాదే."

ఆవిడ వెళ్ళిపోయాక నేను లాప్‌టాప్‌లో ఆ ఆగమనే వరుస తెరిచాను.

"నువ్వు దాన్ని తీసేయలేదని నాకు తెలుసు" అన్నాను. "రోజూ చూసేదాన్ని."

"నువ్వూ తీసేయలేదని నాకూ తెలుసు" అంది. "నేను రెండు పూటలా చూసేదాన్ని."

"పోటీకొస్తావే!"

"పోనీ, నాది తీసెయ్."

"ఏం, నాదెందుకు తీయకూడదు?"

ఇంకేముంది, గొడవ మొదలైంది. ఎంత సుఖంగా ఉందో ఆ గొడవ! పిన్ని దీపాలు వేసినా తెగలేదు, భోజనానికి పిలిచినా తెగలేదు.

ఇప్పటికీ తెగలేదు. ఆ స్క్రిప్టు ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్ళో వాడుతున్నారు. మొన్నొకాయన పేజీలో ఫిర్యాదు రాశాడు: "మధ్యలో రెండుసార్లు ఎందుకు ఆగుతోంది? ఒకటి చాలదా?" మేమింకా చూడకముందే బాబాయి జవాబు పెట్టేశాడు.

"చాలదండీ. రెండూ ఉండాలి. కంప్యూటరుకి కాదు, రాసినవాళ్ళకి."